పాటు వేళ పియర్ కాళ్ల దగ్గర: చెన్నై నుంచి పాండిచ్చేరి దాకా నాలుగు రోజులు

జూలై నుంచి సెప్టెంబరు చివరిదాకా, సోమవారం పొద్దున బయల్దేరి గురువారం సాయంత్రానికి ఇల్లు చేరేలా పెట్టుకుంటే పాండిచ్చేరి దారి ఖాళీగా దొరుకుతుంది. చూడబోయేది ఈ దారిలోని పియర్లు, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి కాళ్ల మీద సాగే కట్టడాలు, వాటిని ఉప్పు ఎలా తినేస్తుందో. శనాదివారాల్లో చెన్నై కార్లూ బెంగళూరు కార్లూ కలిసి మింగేసే ఊరది. వారం మధ్యలో అయితే సముద్రం కనిపించే గది అడిగినా ఇస్తారు, ధర మీదా మాట్లాడొచ్చు. ఎండ ఉంటుంది, కాదనలేం. సాయంత్రం ఓ గంట ఉరుముల వాన పడొచ్చు. అక్టోబరు మధ్య దాటితే ఈశాన్య రుతుపవనం, దాని వెనకే తుపాన్ల కాలం. అప్పుడు గది ఎంత చవగ్గా వచ్చినా పియర్ల దగ్గరికి పోవడం తెలివైన పని కాదు.

రద్దీ ఒక్కటే చూసి తేదీ ఖాయం చేసుకోకూడదు. పాత పియర్లో చూడాల్సింది పైనున్న తలం కాదు, కాళ్లు. ఆ కాళ్లు బయటపడేది పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు. ఈ తీరంలో ఆటుపోట్ల తేడా చాలా తక్కువ, పెద్ద పోటు రోజుల్లో కూడా మీటరు, మహా అయితే మీటరుంపావు. అందుకే ఒక్క అడుగు కలిసొచ్చినా విలువే. అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల తరవాత పాటు బాగా కిందికి దిగుతుంది. పౌర్ణమి వద్దు. తిరువణ్ణామలై గిరిప్రదక్షిణకు బస్సులన్నీ అటు మళ్లుతాయి, దొరికినవి కిక్కిరిసి ఉంటాయి. అమావాస్య మేలు, కానీ తమిళుల ఆడి మాసపు అమావాస్య, మహాలయ అమావాస్య మాత్రం తప్పించాలి. ఆ రోజుల్లో తర్పణాలకు వచ్చేవాళ్లతో తీరమంతా నిండిపోతుంది. ఆగస్టు 15 అరవిందుల జయంతి కూడా కాబట్టి ఆ వారం పాండిచ్చేరి వైపు చూడనక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే టైడ్ టేబుల్లో చెన్నై పేజీ చూసుకుంటే ఏ రోజు ఎన్నింటికి పాటో నిమిషాలతో సహా ఉంటుంది.

వెంట ఉండాల్సినవి: పట్టు ఉన్న రబ్బరు చెప్పులు, చిన్న బైనాక్యులర్, అయస్కాంతం, టార్చి. సుత్తి వద్దు. అది పరీక్ష చేసేవాళ్ల చేతిలో ఉండాల్సిన వస్తువు.

మొదటి రోజు, సోమవారం: కాసిమేడు, రాయపురం, అడయారు మొగ

తెల్లారి ఐదింటికి ఉత్తర చెన్నైలోని చేపల రేవు కాసిమేడులో ఉండాలి. వేలం సందడిలో తమిళంతో పాటు శ్రీకాకుళం యాస కూడా చెవినపడుతుంది. ఆ జిల్లా నుంచి, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడి బోట్ల మీద పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్ల మరమ్మతులన్నీ ఆ రెండు నెలల్లోనే అవుతాయి కాబట్టి జూలైలో పడవలు కొత్త రంగులతో మెరుస్తుంటాయి. ఒడ్డుకు లాగి ఉన్న ఇనుప బోటు ఏదైనా కనిపిస్తే వెనక్కి వెళ్లి ప్రొపెల్లరు చుట్టుపక్కల చూడాలి. ఇటుకంత లోహపు దిమ్మలు బిగించి ఉంటాయి. అవి జింకు. ఉప్పునీట్లో జింకు తాను కరిగిపోతూ పక్కనున్న ఇనుమును కాపాడుతుంది. సగం కరిగిందంటే మార్చేయాలి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటే: బోటుకు రంగు వేస్తూ వేస్తూ దిమ్మకు కూడా పూసేస్తారు. రంగు పడిన జింకుకు నీళ్లు తగలవు, అది కరగదు. జింకు కరగకపోతే ఆ వంతు బోటు అడుగు కరుగుతుంది. దిమ్మ బిగించే చోట రంగు గీకి, లోహానికి లోహం తగిలేలా పెట్టకపోయినా అంతే సంగతి. పియర్ల కాళ్లకు కట్టే జింకు, అల్యూమినియం దిమ్మలకూ ఇదే నియమం.

అక్కణ్ణుంచి రాయపురం దగ్గరే. 1856లో తెరిచిన రైల్వే స్టేషను చూసుకుని దక్షిణంగా వస్తే బీచ్ స్టేషను. దాని ఎదురుగా బీచ్ లేదు, రేవు గోడ ఉంది. లోపలికి అనుమతి ఉండదు, ఫొటోలూ తీయనివ్వరు. కానీ కథంతా ఇక్కడిదే. మద్రాసుకు సహజమైన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మేకు అన్నది లేకుండా కొబ్బరితాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో సరుకు ఒడ్డుకు చేరేది. మేకులు కొట్టిన పడవైతే ఆ అలల దెబ్బకు విచ్చిపోతుంది, కుట్టిన పడవ ఒళ్లు వంచి తట్టుకుంటుంది. ఈ బాధ తప్పించడానికి 1861లో ఒడ్డు నుంచి నేరుగా సముద్రంలోకి దాదాపు 1,100 అడుగుల ఇనుప పియర్ కట్టారు. కాళ్లకు స్క్రూ పైళ్లు వాడారు. ఇనుప కడ్డీ చివర ఒకటిన్నర చుట్టు తిరిగిన పెద్ద రేకు ఉంటుంది. పైన చక్రం లాంటి కాప్‌స్టన్‌కు అడ్డకర్రలు దూర్చి మనుషులు తోస్తూ తిరిగితే కడ్డీ మరలాగా ఇసుకలోకి దిగుతుంది. సుత్తితో దిగేసిన మేకుకూ మరకూ ఎంత తేడానో, మామూలు పైలుకూ దీనికీ అంతే తేడా. రేకు కింద ఇసుక మీద బరువు ఆనుతుంది, పైకి లాగినా ఊడిరాదు. ఈ పద్ధతి అలెగ్జాండర్ మిచెల్ అనే ఐరిష్ ఇంజినీరుది, పేటెంటు 1833లో వచ్చింది. ఆయనకు చూపు లేదు.

1868, 1872 తుపాన్లు ఆ పియర్‌ను పనికిరాకుండా చేశాయి. 1876లో రాతి చేతులు చాపి రేవు కట్టడం మొదలుపెడితే 1881 తుపాను దాన్నీ చాలావరకు పడగొట్టింది. మళ్లీ కట్టారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పియర్ కాళ్ల మధ్యనుంచి నీళ్లూ ఇసుకా పారిపోతాయి, రాతి గోడ మధ్యనుంచి పారవు. ఈ తీరంలో ఏడాది మొత్తం లెక్క తీస్తే ఇసుక నడక దక్షిణం నుంచి ఉత్తరానికి. గోడ అడ్డుపడగానే దక్షిణాన పేరుకుంది, ఉత్తరాన కరువైంది. మెరీనా అంత వెడల్పుగా ఉన్నదీ, రాయపురం నుంచి ఎన్నూరు వైపు తీరమంతా బండరాళ్లు పేర్చాల్సి వచ్చిందీ ఒకే కారణం వల్ల. పొద్దున ఈ రాళ్ల పక్కన నడిచి, మధ్యాహ్నం భోంచేసి మెరీనాలో నడిస్తే ఈ ముక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

సాయంత్రం పాటు పడితే బెసెంట్ నగర్ నుంచి ఇసుక మీద ఉత్తరంగా, అడయారు నది సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్లాలి. అక్కడ విరిగిన వంతెన ఉంది. జాలర్ల రాకపోకల కోసం 1967లో కట్టారు, 1977లో నది ప్రవాహానికి కూలింది. పైకి ఎక్కొద్దు, చీకటి పడకముందే వెనక్కి వచ్చేయాలి. చూడాల్సింది కింద నిలబడే కనిపిస్తుంది.

ఒక కాంక్రీటు కాలిని ఎంచుకుని కింది నుంచి పైకి కళ్లతో ఎక్కండి. అడుగున నాచు, గుల్లలు. అక్కడ కాంక్రీటు దాదాపు బాగానే ఉంటుంది, ఎందుకంటే ఎప్పుడూ నీళ్లలో ఉన్న చోట లోపలి ఇనుప ఊచకు గాలి అందదు. దానిపైన, అల చిమ్మి ఆరే పట్టీ దగ్గర, ఊచల వెంబడి నిలువుగా పగుళ్లు. పగులు అంచున తుప్పు రంగు చార. ఇంకాస్త పైన పెచ్చు లేచిపోయి ఊచ నగ్నంగా ఉంటుంది, గోటితో గీరితే పొరలు పొరలుగా రాలుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది. ఆ ఉబ్బు లోపలి నుంచి కాంక్రీటును చీలుస్తుంది. ఈ తడీ పొడీ పట్టీనే స్ప్లాష్ జోన్ అంటారు. పాత కాలపు పియర్లు చచ్చేది ఇక్కడే.

రెండో రోజు, మంగళవారం: మామల్లపురం మీదుగా

చెన్నై దక్షిణాన తిరువాన్మియూరులో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) బస్సు ఎక్కితే సులువు. మామల్లపురంలో తీర దేవాలయం పియర్ కాకపోయినా ఉప్పుతో వేగే పద్ధతి దగ్గరగా చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. ఎనిమిదో శతాబ్దపు రాయి, ఎదురుగా సముద్రం. అలల్ని ఆపడానికి రాతికట్ట, గాలిలో వచ్చే తుంపర ఆపడానికి సరుగుడు చెట్లు. అయినా ఉప్పు రాయిలోకి దిగుతుంది. తడిసినప్పుడు కరిగి, ఆరినప్పుడు స్ఫటికమై, రాయి పైపొరను లోపల్నుంచి నెట్టేస్తుంది. పురావస్తు శాఖ దీనికి కాగితపు గుజ్జు వాడుతుంది. ఉప్పు లేని నీళ్లలో నానబెట్టిన గుజ్జును రాయికి మందంగా పట్టిస్తారు. గుజ్జు ఆరుతూ ఆరుతూ రాయిలోని ఉప్పునీటిని తనవైపు లాక్కుంటుంది. బాగా ఆరాక ఊడదీసి, దాన్ని నీళ్లలో కలిపి ఆ నీటిలో సిల్వర్ నైట్రేటు చుక్క వేస్తే తెల్లగా విరుగుతుంది. విరుగుడు తగ్గేదాకా మళ్లీ మళ్లీ పట్టించాల్సిందే. తొందరపడి తడిగా ఉండగానే తీసేస్తే చాకిరీ అంతా వృథా: ఉప్పు ఇంకా దారిలోనే ఉంటుంది.

భోజనం చేసుకుని దక్షిణంగా వెళ్తే కడపాక్కం దగ్గర ఆలంపరై కోట. ఒకప్పుడు ఇక్కణ్ణుంచి సముద్రంలోకి సాగిన రేవుకట్ట మీద నుంచి జరీ బట్ట, ఉప్పు, నెయ్యి ఎగుమతి అయ్యేవని చెబుతారు. 1750లో ఫ్రెంచి గవర్నరు డూప్లే చేతికొచ్చింది, 1760లో ఇంగ్లీషువాళ్లు పడగొట్టారు. ఇప్పుడు ఇటుక గోడల మొండేలే. మెయిన్ రోడ్డు నుంచి ఆటోలో వెళ్లాలి, తిరుగు ఆటో ముందే మాట్లాడి పెట్టుకోకపోతే ఎండలో నడకే గతి. అరగంట చాలు.

మూడో రోజు, బుధవారం: పాండిచ్చేరి పియర్లు

యానాం వాళ్లకు పాండిచ్చేరి రాజధాని, పని మీద వచ్చే ఊరు. మిగతా తెలుగువాళ్లకు సముద్రం ఒడ్డున నడిచే ఊరు. ఆ ఒడ్డు రోడ్డు మీద సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున 7:30 దాకా వాహనాలు రానివ్వరు. కాబట్టి పొద్దున ఆరింటికే గాంధీ విగ్రహం దగ్గరికి వెళ్తే హాయిగా ఉంటుంది. అక్కడ నిలబడి సముద్రం వైపు చూస్తే నీళ్లలో తుప్పుపట్టిన ఇనుప కాళ్ల మొండేలు కనిపిస్తాయి. 1866లో ఫ్రెంచివాళ్లు కట్టిన పియర్‌లో మిగిలింది అదే. 1952 తుపాను దాన్ని తీసుకుపోయింది. బైనాక్యులర్ ఇక్కడ పనికొస్తుంది. రాళ్లు దిగొద్దు, పాచి పట్టి జారుతుంటాయి.

ఆ కాలపు పియర్లలో కాళ్లు ఎక్కువగా అచ్చులో పోసిన పోత ఇనుము, అడ్డకట్లు కొట్టి సాగదీసిన చేత ఇనుము. రెండూ ఒకేలా తుప్పుపట్టవు. చేత ఇనుము కర్ర చెక్కుల్లా పొరలు విడిపోతుంది, చెడిందని దూరం నుంచే తెలుస్తుంది. పోత ఇనుముది దొంగ చావు. ఇనుము కరిగిపోయి గ్రాఫైటు మాత్రం అదే ఆకారంలో మిగులుతుంది. గుండ్రటి కాలు గుండ్రంగానే ఉంటుంది, బోల్టు గుబ్బలతో సహా. చాకుతో గీకితే పెన్సిలు ముల్లులా నల్లగా మెత్తగా రాలుతుంది. రంగు వేసి పైకి బాగున్నట్టు చూపించిన పోత ఇనుప పియర్‌ను నమ్మకూడదనేది ఇందుకే.

పియర్ బాగుందో లేదో తేల్చడానికి బరువు పెట్టి చూడటం కూడా ప్రమాదమే. ఇంగ్లండులో క్లీవ్‌డన్ పియర్ 1869 నాటిది. 1970లో బీమా కోసం దాని మీద నీళ్ల బరువు పెట్టి పరీక్ష చేస్తే రెండు స్పాన్లు, అంటే కాళ్ల వరసల మధ్య ఉండే తలం ముక్కలు, కూలి సముద్రంలో పడ్డాయి. మళ్లీ జనాన్ని రానివ్వడానికి 19 ఏళ్లు పట్టింది.

ఇక దక్షిణం కొసన ఉన్న కొత్త పియర్. కొత్త అంటే 1950లలో మొదలుపెట్టి 1962లో వాడకంలోకి తెచ్చింది, పూర్తిగా కాంక్రీటు. 2022 మార్చిలో వాయుగుండం తెచ్చిన అలలకు ఇందులో ఒక భాగం కూలిపోయింది. ఒడ్డు నుంచి చూడాలి, లోపలికి కాదు. సోమవారం అడయారు మొగ దగ్గర చూసిన జబ్బే ఇక్కడ పెద్ద ఎత్తున ఉంటుంది. ఇప్పుడైతే మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆటుపోట్ల మధ్య ఉండే కాంక్రీటుకు కనీసం ఎం40 గ్రేడు, ఊచ మీద 75 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.40 దాటకూడదు, ఘనమీటరుకు 360 కిలోల సిమెంటుకు తగ్గకూడదు. అరవై ఏళ్ల కిందటి కట్టడాలకు ఈ కొలతలు లేవు.

ఇలాంటి కాలికి మరమ్మతు చేసే తీరు చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ చెడగొట్టేది మరమ్మతే. ముందు గుల్లలు, నాచు గీకి తీసేయాలి. సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టి చోట ఖంగుమంటుంది, బోలు చోట డబడబలాడుతుంది. ఆ బోలు చోట్లకు సుద్దతో గీత గీయాలి. తరవాత హాఫ్ సెల్ మీటరుతో ఊచ వోల్టేజి చూడాలి. రాగి-రాగి సల్ఫేటు ఎలక్ట్రోడుతో చూసినప్పుడు మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి పోతే, పైకి పగులు లేకపోయినా లోపల తుప్పు నడుస్తోందని దాదాపు ఖాయం. చెడిన కాంక్రీటును ఊచ వెనక ఇంకో 20-25 మిల్లీమీటర్లు వచ్చేదాకా కొట్టేయాలి. వేలు దూరి ఊచ వెనక తిరగాలి, అదీ గుర్తు. ఊచను ఇసుక జెట్‌తో తెల్లగా కొట్టి, మంచినీళ్లతో కడిగి, ఆరాక జింకు ప్రైమరు వేయాలి. ఊచ అడ్డకోత వైశాల్యంలో నాలుగో వంతుకు పైగా పోయి ఉంటే పక్కన కొత్త ఊచ కట్టాలి.

ఆ పైన జాకెట్, అంటే కాలి చుట్టూ వేసే కొత్త కాంక్రీటు తొడుగు. 400 మిల్లీమీటర్ల చదరపు కాలికి చుట్టూ 100 మిల్లీమీటర్ల మందాన, రెండున్నర మీటర్ల ఎత్తున వేస్తే పట్టేది అర ఘనమీటరు. అంటే కనీసం 180 కిలోల సిమెంటు, నాలుగు బస్తాలకు కాస్త తక్కువ. 0.40 లెక్కన నీళ్లు 72 లీటర్లు, చుక్క ఎక్కువ కాదు. పాటుకు అటు రెండు గంటలు, ఇటు రెండు గంటలు, మొత్తం నాలుగే గంటల పని. అందుకే అచ్చు ముందురోజే బిగించి ఉంచాలి, అడుగున రబ్బరు పట్టీతో బిగుతుగా. కాంక్రీటు పైనుంచి పోయకూడదు, కింద గొట్టంలోంచి పంపుతో ఎక్కించాలి. అప్పుడు లోపల మిగిలిన ఉప్పునీరు పైకి తేలి బయటికి పొర్లుతుంది. పైనుంచి పోస్తే ఆ నీరంతా కాంక్రీటులో కలిసిపోతుంది. అచ్చు వారం కదపకూడదు.

ఇంత జాగ్రత్తగా చేశాక కూడా రెండేళ్లకు అతుకు పక్కనే కొత్త పగులు రావడం చాలా పియర్లలో కనిపించేదే. పని సరిగా చేయలేదని మేస్త్రీని తిడతారు. తప్పు అతనిది కాదు. తుప్పు పట్టే చోటు ఒకటుంటే పక్క ఊచను అది కాపాడుతూ ఉంటుంది, కాసిమేడు జింకు దిమ్మలాగే. ఆ చోటును బాగుచేయగానే కాపలా పోయింది. పక్కన పాత కాంక్రీటులో ఉప్పు అలాగే ఉంది, తుప్పు అక్కడికి మకాం మార్చింది. దీనికి విరుగుడు: అతుకు అంచుల వెంట బిస్కెట్టంత జింకు బిళ్లలు ఊచకు తీగతో కట్టి అప్పుడు కాంక్రీటు వేయడం. నీళ్ల కింద వేలాడదీసే పెద్ద దిమ్మలు స్ప్లాష్ జోన్‌ను కాపాడలేవు, వాటికి ఎప్పుడూ నీళ్లు తగులుతూ ఉండాలి.

పైనున్న తలం సంగతి చిన్నదే కానీ అన్నిటికన్నా ముందు అక్కడే మొదలవ్వాలి. నీళ్లు పోయే కన్నాల్లో ఇసుక, చిప్స్ కవర్లు ఇరుక్కుంటాయి. ఉప్పునీరు నిలిచి కింది దూలాల్లోకి ఇంకుతుంది. వారానికోసారి ఇనుప చువ్వ గుచ్చి తీయడానికి ఇద్దరు మనుషులు చాలు. ఇంకొకటి, స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగుకు మామూలు ఇనుప బోల్టులు బిగించడం. రెయిలింగు మెరుస్తూనే ఉంటుంది, బోల్టు మాయమైపోతుంది. ఆ రోడ్డు వెంబడి రెయిలింగుల దగ్గర అయస్కాంతం పెట్టి చూడండి. మంచి స్టీలు దాదాపుగా అంటుకోదు, ఇనుప బోల్టు గట్టిగా పట్టేస్తుంది.

నాలుగో రోజు, గురువారం: ఉత్తరంగా వెనక్కి

పొద్దున ఒడ్డు రోడ్డు ఉత్తర కొసన సచివాలయం దగ్గర ఇసుక చూడాలి. 1980ల చివర్లో అరియాంకుప్పం మొగ దగ్గర హార్బరు గోడలు లేచాక ఇక్కడి బీచ్ పోయి బండరాళ్లే మిగిలాయి. మద్రాసులో వందేళ్ల ముందు జరిగిందే మళ్లీ. తరవాత చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (నియోట్) వాళ్లు నీళ్ల కింద త్రికోణపు ఉక్కు దిబ్బ అమర్చారు. అల దాని మీద విరిగి బలం పోగొట్టుకుంటుంది, మోసుకొచ్చిన ఇసుకను అక్కడే వదిలేస్తుంది. ఇసుక తిరిగి వచ్చింది. ఆ ఉక్కు కనబడదు, నీళ్ల మీద అల విరిగే చోటు మాత్రం తెలుస్తుంది. పది నిమిషాలు చూస్తే అదే చోట మళ్లీ మళ్లీ తెల్లగా విరగడం కనిపెట్టొచ్చు. అక్కడ ఈత కొట్టడం తగదు.

ఆటోలో కోట్టకుప్పం వైపు వెళ్తే రాతిగోడ ఎక్కడ ఆగిందో వెతకాలి. గోడ చివర దాటగానే ఒడ్డు కొరికినట్టు లోపలికి పోయి ఉంటుంది. ఆ కోతను ఆపడానికి గోడ పొడిగిస్తే కోత ఇంకో ఊరి ముందుకు జరుగుతుంది.

మధ్యాహ్నం పన్నెండున్నరలోపు చెన్నై బస్సు ఎక్కితే ఆఫీసుల రద్దీకి ముందే తిరువాన్మియూరు. మూడు దాటాక ఎక్కితే నీలాంకరై నుంచి సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ రావాల్సిందే. సొంత కారైతే ఇంటికి చేరిన రోజే అడుగుభాగం మంచినీళ్లతో కడిగించాలి, ముఖ్యంగా టైర్ల వెనక మడతల్లో. తడి ఇసుక అక్కడ చేరిందంటే ఆరడానికి రోజులు పడుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. బైనాక్యులర్‌ను తడిగుడ్డతో తుడిచి, ఆరాకే పెట్టెలో పెట్టాలి.